చక్రములమీది యింట చలికాలపు నీళ్లు

"ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు" అను సామెతను మన పెద్దల నోట వినని వారుండరు. ఈ మాసమున మేము ముచ్చటింపబోవు విషయమునకు ఆ సామెత తలక్రిందులుగా వర్తించును. ఇచ్చట భయము నిప్పువలన గాదు, నీటివలన. చేయవలసిన పని నీరు తోడి నింపుకొనుట గాదు, ఉన్న నీటిని బొట్టు మిగులకుండ విడిచివేయుట. కాని కాలము మించిన పిదప చేసిన పని నిష్ప్రయోజనమనుట మాత్రము రెంటికిని సమానమే.

గత మాసమున ఉన్నిబట్టలను పురుగులబారినుండి కాపాడుకొను విధమును వ్రాసితిమి. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు దేశములందు కాపురముండు మన తెనుగు సోదరీమణులలో కొందఱు సెలవు దినములు గడపుటకై కారవానులను కొనియున్నారు. మోటారుకారు వెనుక తగిలించి లాగికొనిపోవు ఈ చిన్నయింటిలో మంచములు, పొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, స్నానపు గది, పాయిఖానా అన్నియు నుండును. వేసవియంతయు దీనితో ఊరూర తిరిగి, శరత్కాలము రాగానే పెరటిలోనో, అద్దెకు దొరకు ఖాళీస్థలముననో నిలిపి, తాళమువేసి వత్తురు. ఆ తాళము వేయుటకు ముందు చేయవలసిన పనిని గూర్చియే నేటి మా ప్రసంగము.

కారవాను అనునది పారసీక భాషనుండి వచ్చిన మాట. గుంపుగా ప్రయాణముచేయు వర్తకుల సమూహమునకు అది పేరు. మన భాషలో దానికి సరియైన మాట బిడారు. ఎద్దులమీద ఉప్పు, ధాన్యము వేసికొని ఊరూర తిరిగిన లంబాడీల బిడారులను గూర్చి మన ముత్తవ్వలు చెప్పెడివారు. పుట్టింటికి గూడుబండిలో వెళ్లి, దారిలో చెఱువుగట్టున దిగి, మూడు ఱాళ్లమీద వంటచేసికొన్న కాలమును తలచికొన్నచో చక్రములమీది కాపురము మనకు క్రొత్తది కాదని తోచును. బ్రిటనులో వినోదయాత్రకొఱకే ప్రత్యేకముగా కట్టించిన మొదటి కారవాను 1885వ సంవత్సరమున గార్డన్ స్టేబుల్సు అను వైద్యుని కొఱకు బ్రిస్టలు నగరపు బండ్ల కర్మాగారమున తయారయ్యెను. దానిని గుఱ్ఱములు లాగెడివి. కారవాను యజమానుల సంఘము 1907లో ఏర్పడెను. నాటి బండికిని నేటి బండికిని భేదము మిక్కిలి గలదు. నేడు కుళాయి త్రిప్పినంతనే వేడినీళ్లు వచ్చును. సుఖము పెరిగినంత జాగ్రత్తయు పెరుగవలసియున్నది.

ఈ పాఠమును మేము పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు, నష్టపడి నేర్చుకొంటిమి. మేము కారవాను కొన్న మొదటి యేడు శరత్కాలమున, మా యింటివారు బండి క్రింద నీరు విడుచు మరను తెఱచి, ధార ఆగువఱకు నిలుచుండి చూచి, పని ముగిసినదనుకొనిరి. లోపలనున్న మేము తొట్లను తుడిచి, కుళాయిలను మెఱయునట్లు రుద్ది, బిగియ కట్టివేసితిమి. ఎవరిపని వారు శ్రద్ధతోనే చేసితిమి. కాని కుళాయిలు మూసియుండగా క్రింది మర తెఱచినచో గొట్టములలోని నీరంతయు దిగిపోదని మా యిరువురిలో నెవ్వరికిని తెలియదు.

ఆ వసంతమున మా యత్తగారు రాజమహేంద్రవరమునుండి రెండు నెలలుండుటకై వచ్చిరి. ఆమెను వేల్సు సముద్రతీరమునకు తీసికొనిపోవలెనని మాకెంతో కోరిక. బయలుదేరవలసిన దినమున ఉదయమే నీరు నింపి పంపు నడిపితిమి. కుళాయిలన్నియు కట్టియున్నను పంపు ఆగలేదు. కొంతసేపటికి మంచము క్రింది బీరువానుండి నీరు సన్నగా పాఱి తివాచీని తడుపుట కనబడెను. చూడగా వడపోత డబ్బా నిలువున పగిలియున్నది. స్నానపుగది కుళాయి లోపలిభాగము చిట్లియున్నది. వేడినీటి కాగునకు కలిపిన గొట్టపు కీలు విడివడియున్నది. ఇరుకు సందులలోనుండి వానిని విప్పి మార్చుటకును, తడిసిన నేలపలకలను ఆరబెట్టుటకును వారములు పట్టెను. కొన్నివందల పౌనులు ఖర్చయ్యెను. అది యంతయు మఱచిపోవచ్చును. మా యత్తగారు మాత్రము ఆ సముద్రమును చూడకయే స్వదేశమునకు మరలిపోయిరి. "పోనిండు అమ్మాయీ, మన గోదావరి నాకు చాలును" అని ఆమె నవ్విరి. ఆ తరువాత అంతదూరపు ప్రయాణమునకు ఆమె యారోగ్యము ఒప్పుకొనలేదు. అందుచేతనే ఈ విషయమును ఇంత వివరముగా వ్రాయుచున్నాము.

నీరు ఇంత బలము ఎట్లు చూపును? వస్తువులు చల్లబడినకొలది ముడుచుకొనుట సామాన్య ధర్మము. నీరు కూడ 4 సెంటీగ్రేడు డిగ్రీలవఱకు అట్లే ముడుచుకొనును. అటుపిమ్మట చల్లబడినకొలది వ్యాకోచించుటకు మొదలిడి, గడ్డకట్టునప్పుడు ఒక్కసారిగా పెరుగును. 11 గిద్దెల నీరు గడ్డకట్టినచో సుమారు 12 గిద్దెల మంచుగడ్డ యగును. మంచుపెట్టెలో నిండు సీసానుంచి మఱచిపోయి, అది పగులుట చూచిన గృహిణులకు దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. గొట్టములో ఒకచోట గడ్డకట్టినచో అది బిరడావలె అడ్డుపడును. ఆ బిరడాకును మూసియున్న కుళాయికిని నడుమ చిక్కుకొన్న నీటికి పోవుటకు దారి లేక ఒత్తిడి మితిమీరును. అప్పుడు ఎక్కడ బలహీనముగా నున్నదో అక్కడ పగులును. కుళాయి తెఱచియున్నచో ఆ ఒత్తిడికి త్రోవ దొరకును. ఈ యొక్క సూత్రము మనసున పట్టినచో తక్కిన పనులన్నియు వానంతట నవియే తోచును.

ఇంటిలోని గొట్టములకంటె బండిలోని గొట్టములకు అపాయ మెక్కువ. ఇంటి గోడలు మందమైనవి. లోపల వేడిచేయు సాధనము శీతకాలమంతయు నడుచుచుండును. బండి గోడలు పలుచనివి. తాళము వేసిన బండిలో వెలుపలి చలియే లోపలి చలి. గొట్టములు నేలకు దగ్గరగా, కొన్ని బండ్లలో నేలక్రిందుగా కూడ పోవుచుండును.

ముందుగా మీ బండిలో నీరు నడచు దారిని ఒకమారు వ్రేలితో చూపుచు తెలిసికొనుడు. బ్రిటనులోని పెక్కు బండ్లలో నీరు వెలుపలి పీపాలో నుండును. దానిలో ముంచిన చిన్న పంపు నీటిని లోపలికి నెట్టును. గోడలోని ద్వారముచెంత వడపోత డబ్బా యుండును. అచ్చటనుండి దారి రెండుగా చీలి, ఒకటి చన్నీటి కుళాయిలకును, రెండవది కాగులోనికి పోయి వేడినీటి కుళాయిలకును చేరును. వాడిన నీరు వేఱు గొట్టములద్వారా వెలుపలి డబ్బాలోనికి పోవును. పాయిఖానా కడుగుటకు కొన్ని బండ్లలో ప్రత్యేకమైన తొట్టి గలదు. ఈ దారిలో ఏ మూల నీరు నిలిచినను ముప్పు అచ్చటనే.

ఎప్పుడు చేయవలెను? మొదటి మంచు పడకముందే. బ్రిటనులో అక్టోబరు కడపటి ఆదివారమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. ఆ దినమునే ఈ పనికి గుఱుతుగా పెట్టుకొనుట మంచిది. మనవారికి దీపావళియు ఇంచుమించు ఆ దినములలోనే వచ్చును. పండుగకు ఇల్లు బూజు దులుపుకొనునప్పుడే ఈ చిన్న యింటి పనియు ముగించుకొనవచ్చును.

ఇక పనుల వరుస వినుడు.

మొదట కాగును వేడిచేయు విద్యుత్తును, వాయువును ఆపివేసి, నీరు చల్లారువఱకు వేచియుండుడు. మరుగు నీటితో మర తెఱచినచో చేతులు బొబ్బలెక్కును. పిమ్మట పంపును ఆపి, పీపాలోనుండి పైకి తీసి, దులిపి, ఆరబెట్టుడు. పంపు బొజ్జలో కొంచెము నీరు దాగియుండును. తలక్రిందులుగా పట్టుకొని కదలించినచో వచ్చును.

రెండవది, కుళాయిలన్నింటిని తెఱచుడు. వేడికిని చల్లదనమునకును ఒకే పిడి గల కుళాయియైనచో పిడిని పైకెత్తి నడుమ నుంచవలెను. ఒక ప్రక్కకు త్రిప్పియుంచినచో రెండవ గొట్టము మూసియున్నట్లే. మేము పొరపడినది ఇచ్చటనే. పుల్లవంటి గొట్టమును నీట ముంచి, పైకొనను వ్రేలితో మూసి యెత్తినచో నీరు జాఱదు. వ్రేలు తీసినంతనే జాఱిపోవును. కుళాయి మూయుట ఆ వ్రేలు పెట్టుటవంటిది. గాలి లోనికి వచ్చిననే నీరు వెలుపలికి పోవును.

మూడవది, నీరు విడుచు మరలన్నింటిని తెఱచుడు. ఇవి యెచ్చట నున్నవో బండితో వచ్చిన పుస్తకములో నుండును. సాధారణముగా ఒకటి కాగుదగ్గర, కుర్చీపెట్టె క్రింద నుండును. ఒకటికంటె నెక్కువ గల బండ్లును గలవు. కాగు మర క్రింద బాల్చీ పెట్టి నీటిని కొలుచుట మా యలవాటు. 10 లీటర్లు పట్టు కాగునుండి 6 లీటర్లే వచ్చినచో మిగిలినది లోపలనే యున్నదని తెలియును. అప్పుడు వేడినీటి కుళాయి సరిగా తెఱచితిమా యని మరల చూచుకొనవలెను. అంచనాకంటె కొలత మేలు. కొన్ని కాగులకు చలి సుమారు 3 డిగ్రీలకు దిగినంతనే తనంతట తెఱచుకొని నీటిని వదలు మర యుండును. అది కాగును కాపాడునే గాని తక్కిన గొట్టములను కాపాడదు. దానిని నమ్మి ఊరకుండరాదు.

నాలుగవది, స్నానపు జల్లుబిళ్లను విప్పి, లోని నీటిని దులిపి, దాని గొట్టమును క్రిందికి వ్రేలాడునట్లు తొట్టిలో పరుండబెట్టుడు. కొక్కెమునకు తగిలించి విడిచినచో వంపులో నీరు నిలుచును. వడపోత డబ్బాను విప్పి లోపలి బిళ్లను తీసి పాఱవేయుడు. ఒక యేడు వాడిన బిళ్లను తడితో దాచి మరల వాడుట ఆరోగ్యమునకు మంచిది కాదు.

ఐదవది, బండిని ముందుకొకమారు, వెనుకకొకమారు వంచుడు. ముందరి చిన్న చక్రపు కడ్డీని త్రిప్పినచో ముక్కు పైకి లేచును, క్రిందికి దిగును. ఒక్కొక్క స్థితిలో కొన్ని నిమిషములు ఉంచినచో పల్లపు చోట్ల నిలిచిన నీరు మరలవద్దకు చేరును. ఇది మగవారి చేతిపని యని దూరముగా నిలుచుండవలదు. కడ్డీని త్రిప్పుట రోలు త్రిప్పుటకంటె కష్టము కాదు. అయితే చక్రములకు అడ్డుదిమ్మెలు వేయనిదే, బండిక్రింది ఊతకాళ్లను పైకెత్తనిదే త్రిప్పరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పంపును బండిలోనే అమర్చినవారు ఈ సమయమున దానిని క్షణకాలము నడిపి, అందలి నీటిని నెట్టివేయవచ్చును. నీరు లేక ఎక్కువసేపు నడిచినచో అది చెడిపోవును.

ఇంత చేసిన పిమ్మట మరలను, కుళాయిలను శీతకాలమంతయు తెఱచియే యుంచవలెను. ఎచ్చటనైన నాలుగు బొట్లు మిగిలియున్నను పెరుగుటకు చోటుండును గనుక హాని కలుగదు. తొట్ల రంధ్రములకు మాత్రము బిరడాలు పెట్టినచో వాడిన నీటి గొట్టములనుండి దుర్గంధము లోపలికి రాదు. వెలుపలి పీపాలను కడిగి, ఆరబెట్టి, మూతతీసి బోర్లించుడు. వెలుపలి ద్వారములకు మూతలు వేయుడు. చలికి తలదాచుకొన వచ్చు ఎలుకలు మెత్తని గొట్టములను కొఱుకును.

పాయిఖానా తొట్టిని విడువరాదు. అడుగు డబ్బాను ఖాళీచేసి, కడిగి, ఆరబెట్టుడు. కడుగు నీటి తొట్టి వేఱుగ నున్నచో దానిని కూడ వట్టిదిగా చేయుడు. మూతపలకను కొంచెము తెఱచియుంచినచో దానిచుట్టునున్న రబ్బరు అంటుకొనిపోదు. ఆ రబ్బరునకు తయారుచేసినవారు చెప్పిన మెఱుగుద్రవ్యమునే పూయవలెను. చేతికందిన ముఖలేపనములు, కిరసనాయిలు జాతి నూనెలు రబ్బరును చెఱచును.

అమెరికా, కెనడాలలోని మన సోదరీమణులు మఱియొక పద్ధతిని ఎఱుగుదురు. అచ్చటి ఉత్తరసీమలలో చలి మిక్కిలి తీవ్రము. అందుచే నీరు వదలిన పిమ్మట, గడ్డకట్టని గులాబీరంగు ద్రవమును పంపుతో గొట్టములనిండ ఎక్కింతురు. కాగులోనికి అది పోకుండ ప్రక్కదారి మరను త్రిప్పుదురు. లేనిచో కాగంతయు వృథాగా నిండును. ఈ విషయమున ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. త్రాగునీటి గొట్టములకని తయారైన ద్రవము ప్రొపిలీను గ్లైకాలుతో చేసినది. మోటారు యంత్రములలో పోయు ద్రవము సాధారణముగా ఎథిలీను గ్లైకాలుతో చేసినది. ఇది విషము. తియ్యగా నుండుటచే పిల్లలును, కుక్కలును నాకుదురు; పిల్లులును దానిని నాకుట గలదు. మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగును. రంగునుబట్టి నమ్మవలదు. సీసామీది వ్రాతను చదివి, త్రాగునీటి గొట్టములకు తగినదని యున్ననే వాడవలెను. మోటారునకు తెచ్చిన సీసాను బీరువాలో తాళమువేసి యుంచుడు.

శీతకాలమందును బండిలో విడిదిచేయువారు కొందఱున్నారు. వారు లోపలి వేడిని రాత్రియు ఆపక, బీరువా తలుపులను కొంచెము తెఱచియుంచి గొట్టములకు వెచ్చదనము తగులనీయవలెను. వెలుపలి పీపాకు మందపు తొడుగు వేసి, రాత్రివేళ పంపును లోపలికి తీసికొనుట మేలు. వాడిన నీటి డబ్బాను నిండనీయక పలుమారు పాఱబోయవలెను. వేడికొఱకు వాయువు వాడువారు గాలి రంధ్రములను గుడ్డలతో మూయరాదు. ప్రాణములకంటె వెచ్చదనము గొప్పది కాదు.

వసంతమున బండిని మరల తెఱచునప్పటి పనియు కొంచెము చెప్పి ముగింతుము. మరలన్నియు మూసి, జల్లుబిళ్లను బిగించి, క్రొత్త వడపోత బిళ్ల నుంచి, నీరు నింపుడు. వేడినీటి కుళాయిలనుండి గాలి బుసబుసలు మాని ధార నిలుకడగా వచ్చువఱకు కాగును వెలిగింపరాదు. వట్టి కాగును వెలిగించుట వట్టి గిన్నెను పొయ్యిమీద పెట్టి మఱచుటవంటిది. పంపు ఆగునో లేదో చెవియొగ్గి వినుడు. నీటి ఒత్తిడినిబట్టి ఆగు పంపు, కుళాయిలన్నియు మూసియున్నను నడుచుచుండెనా, ఎచ్చటనో కాఱుచున్నదన్నమాట. చేతిదీపముతో ప్రతి కీలును తడిమి చూడుడు.

తరువాత త్రాగునీటి తొట్లను శుద్ధిచేయుటకని అమ్ము ద్రవమును, సీసాపై చెప్పిన పాళములో కలిపి, అన్ని కుళాయిలకు అందునట్లు చేసి, చెప్పినంతసేపు నిలిపి, వాసన పోవువఱకు మంచినీటితో కడుగవలెను. ఇది చాదస్తము గాదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక హోటలులో కూడిన మాజీ సైనికులకు సోకిన ఊపిరితిత్తుల జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవికి లీజియొనెల్లా యని పేరు. అది 20 మొదలు 45 డిగ్రీలవఱకు గల గోరువెచ్చని నిలువనీటిలో వృద్ధిపొందును. నీటితుంపరలను పీల్చినప్పుడు ఊపిరితిత్తులలో ప్రవేశించును. వృద్ధులకును, రోగులకును అపాయ మెక్కువ. కావున చాలకాలము వాడని జల్లుగొట్టమును, ముఖము దూరముగా పెట్టి, తుంపరలు లేవకుండ, కొంతసేపు వట్టిగా పాఱనీయుడు. అత్తమామలను, పసిబిడ్డలను అటుపిమ్మటనే స్నానమునకు పంపుడు.

మా యింట ఇప్పుడొక యేర్పాటు గలదు. చేయవలసిన పనులన్నియు ఒక కాగితమున వరుసగా వ్రాసి, బీరువా తలుపు లోపల అంటించితిమి. ఒకరు చదువుదురు, ఒకరు చేయుదురు. పని ముగిసిన పిమ్మట కాగితము చేతులు మాఱును. చేసినవారు చదువుదురు, చదివినవారు పోయి చూతురు. నీవు చేసియుందువని నేను, నేను చేసియుందునని నీవు అనుకొనుటకు ఇక తావులేదు. బీమా పత్రము గలవారు దానిని కూడ ఒకమారు చదువుకొనవలెను. నీరు తీసివేయక విడిచిన బండి గడ్డకట్టి పగిలినచో నష్టమియ్యమని కొన్ని పత్రములలో షరతు గలదు.

నీటిని పొదుపుగా నిలువచేయుట మన యాడువారికి పుట్టుకతో వచ్చిన విద్య. బిందెలు, కాగులు, గాబులు నింపి వేసవి గడిపిన యిండ్లనుండి వచ్చినవారము. చలిదేశములందు కాపురము పెట్టిన పిదప నీటిని తగిన కాలమున విడిచిపెట్టుటయు నేర్వవలసియున్నది. ఒక మధ్యాహ్నపు శ్రమతో తీఱు పని యిది. ఈ యేడు చదువరులలో ఎవరి యింటికైన పెద్దలు ప్రయాణమై రానున్నచో, ఆ మధ్యాహ్నమును తప్పక కేటాయింతురుగాక. వసంతమున వారికి సముద్రము చూపించుడు.

వచ్చు మాసమున ఈ తడి దేశములందు పప్పులు, పిండ్లు, చింతపండు చెమ్మ తగులకుండ నిలువయుంచు విధములను గూర్చి ముచ్చటింతుము.